ప్రణయ నవలలలో ఏలిక నాయకుడు

తెలుగులో 'ఏలుకొనుట' అనే క్రియాపదం ఒకటి కలదు. రాజు రాజ్యాన్ని ఏలుతాడు. భర్త భార్యను ఏలుకుంటాడు. 'నన్ను ఏలుకో' అని నాయిక నాయకుని వేడుకోవడం మన పాటలకూ నాటకాలకూ కొత్త కాదు. 'పతి' అన్నా, 'నాథుడు' అన్నా ప్రభువనే అర్థమే ముందు తోస్తుంది. ఉర్దూలో 'ఖావింద్' అనే మాటకు కూడ మూలార్థం యజమాని అనియే. పతిని 'మజాజీ ఖుదా' అని వ్యవహరించడం ఆ భాషలో వాడుక. ప్రేమించడానికీ పెత్తనం చేయడానికీ మధ్య ఉండవలసిన గీత మన రెండు భాషలలోనూ ఎంత పలుచనిదో ఈ మాటలే చెబుతున్నవి.

ఆ పలుచని గీత మీదనే ఆధునిక ప్రణయ నవలా నాయకుడు నిలబడి ఉన్నాడు. అతడు ప్రేమిస్తాడు, శాసిస్తాడు. శాసించడమే ప్రేమకు గుర్తు అని నమ్మిస్తాడు. ఈ నాయకుడు ఎక్కడ నుండి వచ్చాడు, కథ ఏ ఉపాయంతో అతనిని మనకు ఇష్టుని చేస్తున్నది, అతనిని చదవవలసిన పద్ధతి ఏది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలించ సంకల్పించాము. నవలలు చదివే విద్యార్థినీ విద్యార్థులకూ, ఆ నవలలను గ్రంథాలయంలో ఉంచవలెనా వద్దా అని ఆలోచించే పెద్దలకూ ఇది కొంత ఉపకరించగలదని మా ఆశ.

ఎవరీ నాయకుడు?

ఇతనిని గుర్తించడం కష్టం కాదు. నాయిక ఎవరితో మాట్లాడవలెనో, ఎక్కడకు పోవలెనో, ఏ చీర కట్టవలెనో అతడే నిర్ణయిస్తాడు. ఆమె వేరొకరితో నవ్వితే అతని కన్నులు ఎర్రబడతవి. ఆమె వద్దన్నమాట అతని చెవికి ఎక్కదు. ఎక్కినా అది బిడియమని అర్థం చేసుకుంటాడు. తాను అనుమానిస్తాడు గాని సంజాయిషీ అడగడు. శిక్ష వేసిన తరువాతనే విచారణ. ఇన్ని చేసిన పిదప, కథ చివర, ఇదంతా ప్రేమాతిశయం వల్లనే జరిగినదని తెలుస్తుంది. నాయిక కన్నీరు తుడుచుకుంటుంది, పాఠకురాలు పుస్తకం మూసి నిట్టూరుస్తుంది.

శరత్‌చంద్రుని 'దేవదాసు' 1917లో ప్రచురితమైన నవల. అనువాదాల ద్వారా, 1953 నాటి తెలుగు చలనచిత్రం ద్వారా అది మన ఇంటి కథ అయినది. పార్వతికి వేరొకరితో పెళ్లి నిశ్చయమైన పిదప, చెరువు గట్టున దేవదాసు గాలపు కర్రతో ఆమె నుదుటిపై కొట్టిన ఘట్టం మూల నవలలో కలదు. నెత్తురు కారుతుంది, మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను పార్వతి పగతో కాక ప్రేమచిహ్నంగానే మోస్తుంది. దేవదాసు దుర్బలుడనీ, తన చేతులారా బ్రతుకు పాడుచేసుకున్నవాడనీ శరత్ స్పష్టంగానే చిత్రించాడు. కాని తరతరాల పాఠకులకు జ్ఞాపకమున్నది అతని విరహం. ఆమె నుదుటి దెబ్బ కాదు. మన చర్చకు ఇదియే మొదటి పాఠం: కథలో ఉన్నదంతా మనకు కనబడదు, కథ ఎటు చూడమంటే అటే చూస్తాము.

ప్రాచీన సంప్రదాయం ఏమంటున్నది?

పెత్తనం చేసే ప్రేమికుడు మన సంప్రదాయ సొత్తేనని కొందరు అనుకుంటారు. పాత కావ్యాలు తిరగవేస్తే అది సంపూర్ణ సత్యం కాదని తెలుస్తుంది. అలంకార శాస్త్రం చెప్పిన అష్టవిధ నాయికలలో 'స్వాధీనపతిక' ఒకతె. భర్తను తన వశంలో ఉంచుకున్నది అని ఆ పేరుకు అర్థం. శృంగారంలో వశమయ్యేవాడు అక్కడ పురుషుడే. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో అలిగిన సత్యభామ పాదాలకు శ్రీకృష్ణుడు మ్రొక్కుతాడు. ఆమె ఎడమకాలితో అతని శిరస్సును తన్నుతుంది. అతడు నొచ్చుకొనక బుజ్జగిస్తాడు. అలుక ఆమెది, ఓర్పు అతనిది.

శ్రీనాథుని 'శృంగార నైషధం'లో నలుని కథ ఇంకను గొప్పది. దమయంతిని ప్రేమించిన నలునికే, తమలో ఒకరిని వరించుమని ఆమెకు చెప్పే దౌత్యాన్ని దేవతలు అప్పగిస్తారు. అతడు తన కోరికను దిగమింగి ఆ దౌత్యాన్ని నిజాయితీగా నడుపుతాడు. నిర్ణయం దమయంతికే మిగులుతుంది. స్వయంవరంలో ఆమె నలునే వరిస్తుంది. తనకు నష్టం కలిగినా ఆమె ఎంపికను గౌరవించిన ప్రేమికుడు అతడు.

ఉర్దూ గజల్ సంప్రదాయంలో కూడ కఠినత్వం ప్రేయసిదే. 'సితమ్‌గర్' అని పిలిపించుకునేది ఆమె; వీధిలో నిలబడి నిట్టూర్చేవాడు ప్రేమికుడు. 'రఖీబ్' అనే ప్రత్యర్థి ఉన్నాడు, 'రష్క్' అనే ఈర్ష్య ఉన్నది. కాని ఆ ఈర్ష్య ప్రేమికుని గుండెలోనే మండుతుంది. ప్రేయసి తలుపుకు బయట గొళ్లెం పెట్టదు.

ఆ కాలపు స్త్రీలు స్వేచ్ఛగా జీవించారని చెప్పడం మా ఉద్దేశం కాదు. అంతఃపురాలు, పరదాలు, బాల్యవివాహాలు చరిత్రలో ఉన్నవే. ఆ నిర్బంధాన్ని ప్రేమ అనే పేరుతో పొగడే అలవాటు మాత్రం ఆ కవిత్వపు ఆదర్శం కాదని చెప్పడమే మా ఉద్దేశం. ఇంటి పెద్దరికం వేరు, ప్రణయం వేరు అని పాత కవులకు తెలుసు. ఆ రెంటినీ ఒకే మనిషిలో పోతపోసినది ఆధునిక నవల.

ధారావాహిక నవల తీర్చిన నాయకుడు

1960 నుండి 1980 వరకు గల రెండు దశాబ్దాలను తెలుగు నవలా చరిత్రలో రచయిత్రుల యుగమని వ్యవహరించడం పరిపాటి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వంటి వారపత్రికలూ, జ్యోతి, యువ వంటి మాసపత్రికలూ ధారావాహికలతో కళకళలాడినవి. పత్రిక కొనలేనివారు అద్దె పుస్తకాల దుకాణాలను ఆశ్రయించారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తెరకెక్కినది. యద్దనపూడి సులోచనారాణి నవలలు వరుసగా చిత్రాలైనవి: 'జీవన తరంగాలు', 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో.

'సెక్రటరీ' ఆ యుగానికి గుర్తుగా నిలిచిన నవల. అందులో జయంతి ఉద్యోగం చేసుకొని బ్రతికే ఆత్మాభిమానం గల యువతి. రాజశేఖరం సంపన్నుడైన యజమాని. జీతమిచ్చేవాడూ మనసు కోరేవాడూ ఒక్కరే. ఈ అమరికలోనే కథకు కావలసిన ఆకర్షణ అంతా ఉన్నది. మనం జాగ్రత్తగా చూడవలసిన చిక్కు కూడ అందులోనే ఉన్నది. యజమాని కోపగించితే ఉద్యోగిని భయపడవలసిందే. ప్రేమికుడు కోపగించితే ప్రియురాలు ఎదురు చెప్పవచ్చును. ఇద్దరూ ఒకరే అయినప్పుడు ఆమె భయం ఏదో, అనురాగం ఏదో ఆమెకే తెలియదు.

ఇక్కడ యద్దనపూడి వారికి న్యాయం చేయవలసి ఉన్నది. కృష్ణాజిల్లా కాజ గ్రామంలో 1940లో జన్మించి, హైదరాబాదులో చిరకాలం నివసించి, 2018లో అమెరికాలో కన్నుమూసిన ఆ రచయిత్రి తన నాయికలకు వెన్నెముకను ఇచ్చింది. వారు చేయి చాచరు. అవమానాన్ని దిగమింగి ఊరుకోరు. ఆనాడు ఇల్లు దాటి ఉద్యోగానికి వెళ్లాలని కలగన్న మధ్యతరగతి ఆడపిల్లలకు జయంతి వంటి నాయిక తోడుగా నిలిచింది. తరువాత వచ్చిన అనుకరణలలో నాయిక ఆత్మాభిమానం సన్నగిల్లి, నాయకుని కారు, మేడ, కోపం మాత్రమే మిగిలినవి. మా అభ్యంతరం ఆ మిగులు మీదనే.

ఈ నాయకుడు కోపిష్ఠిగా, ముభావిగా తయారు కావడానికి కేవలం సాంకేతికమైన కారణం కూడ ఒకటి కలదు. ధారావాహిక ప్రతి సంచికలోనూ ఒక చిక్కు దగ్గర ఆగవలెను. నాయకుడు మొదటి వారంలోనే తన మనసు విప్పి చెప్పి, ఆమె మాట విని ఊరుకుంటే, రెండవ వారానికి కథ ఉండదు. అందుచేత అతడు చెప్పకూడదు, అపార్థం చేసుకోవలెను, ఎత్తిపొడవవలెను, ఆమె వివరణ ఇవ్వబోతే తలుపు మూయవలెను. కథను సాగదీయడానికి పుట్టిన మౌనం క్రమంగా మగతనపు లక్షణమై కూర్చున్నది. పత్రికకు అవసరమైనది పాఠకుల మనసులలో ఆదర్శమైనది.

ఇది తెలుగుకే పరిమితం కాదు. లండనులో 1908లో స్థాపితమైన మిల్స్ అండ్ బూన్ సంస్థ ప్రణయ నవలలు లోకమంతటా వ్యాపించి, మన నగరాల పాత పుస్తకాల దుకాణాలకూ చేరినవి. వాటిలో ధనికుడు, కఠినుడు, చివరకు కరిగేవాడు అయిన నాయకుడు సుప్రసిద్ధుడు. 2005లో వెలువడిన 'ట్వైలైట్' నవలలో నాయకుడు రాత్రివేళ నాయిక గదిలోకి ఆమెకు తెలియకుండా ప్రవేశించి, నిద్రించే ఆమెను చూస్తూ కూర్చుంటాడు. ఆ వరుసలో 2007 నాటి 'ఎక్లిప్స్'లో ఆమె స్నేహితుని చూడబోకుండా ఆమె వాహనం కదలకుండా చేస్తాడు. ఆ నవలలు కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవి. మా తరం విద్యార్థినులలో వాటిని చదివినవారు తక్కువ కాదు.

కథ చేసే మాయ

నిజజీవితంలో సహించలేని పనిని నవలలో చదివి మనం ముచ్చటపడుతున్నాము. దీనికి కారణం కథనంలో ఉన్న నాలుగు ఉపాయాలు.

మొదటిది చివరి ప్రకరణం ఇచ్చే హామీ. ప్రణయ నవల చేతపట్టినప్పుడే అది శుభాంతమని పాఠకురాలికి తెలుసు. నాయకుడు మూడవ ప్రకరణంలో ఎంత కఠినంగా మాట్లాడినా, ముప్పయ్యవ ప్రకరణంలో అతడు మారుతాడు. కనుక ఆ కాఠిన్యం గాయం చేయదు. ఉత్కంఠను మాత్రమే పెంచుతుంది. జీవితానికి ఇటువంటి హామీ లేదు. అక్కడ మూడవ ప్రకరణమే ముప్పయ్యేళ్లు నడవవచ్చును.

రెండవది అంతరంగ దర్శనం. నాయిక ఏడుస్తూ వెళ్లిపోగానే రచయిత మనలను నాయకుని గదిలోకి తీసుకొని వెళ్తాడు. అతడు కిటికీ దగ్గర నిలబడి సిగరెట్టు వెలిగించి పశ్చాత్తాపపడుతూ ఉంటాడు. ఆ దృశ్యం నాయికకు తెలియదు, మనకు తెలుసు. అందువల్ల ఆమె పక్షాన కోపం తెచ్చుకోవలసిన మనమే అతని తరపున వకాల్తా పుచ్చుకుంటాము. లోకంలో ఏ మనిషి గుండె లోపలి పుట కూడ మనకు తెరిచి ఉండదు. కనబడేది నడత ఒక్కటే.

మూడవది సంపద, సౌందర్యం అనే పూత. పెద్ద కారులో వచ్చిన ఆజానుబాహువు నాయికను దారిలో అడ్డగించితే అది సాహసం. అదే పని ఊరూపేరూ లేని గుమాస్తా చేస్తే పోకిరితనం. పని మారలేదు, చేసినవాని వేషం మాత్రమే మారినది.

నాలుగవది ప్రతినాయకుని పోలిక. నాయకుని పక్కన అంతకంటె నీచుడైన వానిని ఒకనిని రచయిత నిలబెడతాడు. వాడు నాయికపై దౌర్జన్యం చేయబోతాడు, నాయకుడు రక్షిస్తాడు. ఆ క్షణం నుండి నాయకుడు చేసే నిర్బంధమంతా సంరక్షణగా చెలామణి అవుతుంది. దొంగల భయం చూపి ఇంటికి తాళం వేసినవాడు తాళంచెవి తనవద్దనే ఉంచుకోవడం వంటిది ఇది.

ఉర్దూ పాఠకులకు సుపరిచితమైన ఒక ఉదాహరణ చెప్పవచ్చును. ఫర్హత్ ఇష్తియాఖ్ నవల 'హమ్‌సఫర్' 2011లో పాకిస్తాన్ టెలివిజన్ ధారావాహికగా ప్రసారమై, సరిహద్దు ఇవతల కూడ అభిమానులను సంపాదించుకున్నది. తల్లి పన్నిన కుట్రను నమ్మి, భార్య మాట వినకనే భర్త ఆమెను దూరం చేస్తాడు. ఏళ్ల తరబడి ఒంటరిగా బిడ్డను పెంచే భారం ఆమెపై పడుతుంది. చివర నిజం బయటపడి అతడు పశ్చాత్తాపపడతాడు. ప్రేక్షకులకు ఆ పశ్చాత్తాపం చాలినది. ఆమె మాట వినకపోవడమే అసలు తప్పు గదా, కుట్ర బయటపడకపోయి ఉంటే ఏమయ్యేది అనే ప్రశ్న మాత్రం కన్నీళ్లలో కొట్టుకొనిపోయినది.

పాఠకురాలు ఎందుకు మెచ్చుతుంది?

ఇటువంటి కథలు చదివే స్త్రీలు అమాయకులని కొట్టివేయడం విజ్ఞత కాదు. అమెరికా పరిశోధకురాలు జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన 'రీడింగ్ ది రొమాన్స్' అనే గ్రంథంలో, ఒక పట్టణపు ప్రణయ నవలా పాఠకురాళ్లను పలకరించి వారి మాటలను విశ్లేషించింది. ఇంటిచాకిరీ నడుమ తమకంటూ దొరికే కొంత ఏకాంతమే వారికి ఆ చదువు ఇచ్చే మొదటి ఫలం. రెండవది, తమను లాలించే మనిషి ఒకడు ఉంటాడనే ఊహ. కఠినుడైన నాయకుడు చివరకు మృదువుగా మారడం వారికి అందుకే అంత ప్రియం. అయితే పురుషుని నిర్లక్ష్యాన్నీ కాఠిన్యాన్నీ దాగియున్న ప్రేమగా చదువుకునే అలవాటును కూడ ఆ కథలే నేర్పుతున్నవని ఆమె గుర్తించింది.

మన సమాజానికి ఇది మరింత వర్తిస్తుంది. తన పెళ్లి విషయంలో తన మాట చెల్లని ఆడపిల్లకు, ఒకడు తననే కావాలని పట్టుపట్టడమే ఒక గౌరవంగా తోస్తుంది. ఎవరూ తనను గమనించని ఇంటిలో, ప్రతి అడుగూ గమనించే ప్రేమికుడు వరంగా కనబడతాడు. ఆకలి నిజమైనది, వడ్డించిన పదార్థంలోనే దోషమున్నది. ఆకలిని ఎగతాళి చేసే విమర్శ ఎవరికీ మేలు చేయదు.

పుట దాటిన పెత్తనం

నవల చదివినవాడు నేరం చేస్తాడని మేము అనటం లేదు. అటువంటి వాదం తేలిక, నిరూపణ దుర్లభం. కథలు చేసే పని మరొకటి కలదు. అవి సాక్షులను తయారు చేస్తవి. ఒకడు ఒక అమ్మాయిని నెలల తరబడి వెంటాడుతున్నప్పుడు, 'పాపం, ఎంతగా ప్రేమిస్తున్నాడో' అనే స్నేహితులూ, 'నీవు కూడ కొంచెం మెత్తబడరాదా' అనే స్నేహితురాళ్లూ చుట్టూ ఉంటారు. ఆ మాటలు వారు ఎక్కడ నేర్చుకున్నారు? ఆపవలసినవారు మెచ్చుకుంటూ నిలబడడం, కథలు చేసిన చేటులోకెల్ల పెద్దది.

2017లో విడుదలైన 'అర్జున్ రెడ్డి' చిత్రం ఈ చర్చను ఇంటింటికీ తెచ్చినది. నాయకుడు కళాశాలలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి తనదని తోటివారికి ప్రకటిస్తాడు. ఆమె అభిప్రాయం అప్పటికి ఎవరూ అడగలేదు. నటన, చిత్రీకరణల గొప్పతనాన్ని మెచ్చినవారు ఎందరో, ఆ పెత్తనాన్ని విమర్శించినవారు కూడ అందరు. ఒక చిత్రం గురించి ఇంతమంది వాదులాడుకోవడం మంచికే జరిగినది. దేవదాసు గాలపు కర్ర గురించి మన తాతలు ఇంతగా వాదించుకోలేదు.

ప్రేమ పేరిట జరిగిన దారుణాలు మన ప్రాంతానికి తెలియనివి కావు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగినది. వారిలో ఒకరు ఆ నెలాఖరులో ప్రాణాలు విడిచారు. నిరాకరణను అవమానంగా భావించడమే ఆ దాడికి మూలమని ఆనాడు లోకం చెప్పుకున్నది. 2013లో భారత శిక్షాస్మృతిని సవరించి, వెంటాడి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షనుగా ఉన్నది. స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టపరచిన పిదప కూడ మరల మరల వెంబడించడం, పలకరింప యత్నించడం, ఆమె ఇంటర్నెట్టు, ఈమెయిలు వాడకాన్ని నిఘా వేసి చూడడం ఈ నేరం కిందకు వస్తవి. మొదటిసారి నేరానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. మన నవలలలోని సాహసాలు ఎన్నో ఈ నిర్వచనంలో ఇమిడిపోవడం గమనింపదగినది. తెలంగాణలో 2014 అక్టోబరులో ఏర్పడిన షీ టీమ్స్ ఇటువంటి ఫిర్యాదులను స్వీకరిస్తున్నవి; మహిళా సహాయ కేంద్రపు ఫోను సంఖ్య 181.

ఈ విషయం మన కోకాపేటలో ఉన్నవారికి మరింత దగ్గరిది. గండిపేట చెరువు పొరుగున పొలాలతో, రాళ్ల గుట్టలతో ఉండిన ఈ ఊరు ఇప్పుడు ఆకాశహర్మ్యాల నగరమైనది. 2023 ఆగస్టులో జరిగిన నియోపోలిస్ వేలంలో ఇక్కడి భూమి ధర ఎకరానికి నూరు కోట్ల రూపాయలు దాటినది. ఒకప్పుడు నవలలోనే కనబడిన రాజశేఖరం కార్యాలయం ఇప్పుడు మన కిటికీలోనుండి కనబడుతున్నది. మన విద్యార్థినులలో ఎందరో రేపు ఆ అంతస్తులలో ఉద్యోగం చేస్తారు. అక్కడ పైఅధికారి ఆజ్ఞ అనురాగ చిహ్నం కాదు. పని స్థలంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం, పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండితీరవలెను.

పెత్తనపు సాధనాలు కూడ మారినవి. ఆనాటి నాయకుడు వీధి మలుపులో కాపు వేయవలసి వచ్చేది. నేడు ఫోను చాలును. 'ఎక్కడున్నావు' అని గంటకొకసారి వీడియో కాల్, ఉన్నచోటు సదా కనబడేలా లొకేషను పంచుకొమ్మనడం, పాస్‌వర్డు ఇవ్వకపోతే నమ్మకం లేదనడం, ఫొటో తీసివేయుమనడం, ఫలానా స్నేహితుని సంఖ్య తొలగించుమనడం. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవి. అన్నీ కలిస్తే కటకటాలు. ఇది మగవారు మాత్రమే చేసే తప్పు కాదు. ప్రేమ పేరుతో స్నేహితులను, చదువును, తల్లిదండ్రులను కూడ దూరం చేసుకుంటున్న అబ్బాయిలు ఉన్నారు. సిగ్గుచేత వారు చెప్పుకోరు.

మరో రకపు నాయకులు

సాహిత్యం ఈ వ్యాధిని చూపించి ఊరుకోలేదు. మందు కూడ సూచించినది. 1847లో వెలువడిన 'జేన్ ఐర్' నవలలో నాయకుడు రోచెస్టరు యజమాని, గర్విష్ఠి, నిజం దాచినవాడు. అతనికి భార్య జీవించి ఉన్నదని తెలియగానే జేన్ ఎంత ప్రేమ ఉన్నను వెళ్లిపోతుంది. తిరిగి వచ్చేసరికి ఆమెకు వారసత్వ ధనం ఉన్నది. అతడు చూపు కోల్పోయి ఉన్నాడు. యజమాని, సేవకురాలు అనే తేడా తొలగిపోయిన పిదపనే షార్లెట్ బ్రాంటీ వారికి పెళ్లి చేసింది.

యద్దనపూడి వారి 'మీనా'నే తీసుకుందాము. అందులో పెత్తనం చేసేది ప్రేమికుడు కాదు, తల్లి. కూతురి ప్రతి అడుగునూ శాసించే ఆ ఇంటి నుండి పల్లెకు వచ్చిన మీనాకు ఊపిరి ఆడుతుంది. అక్కడి బావ కృష్ణ కష్టజీవి, సౌమ్యుడు. అతని పక్కన ఆమె తన కాళ్ల మీద నిలబడడం నేర్చుకుంటుంది. ఏలిక నాయకునికి పేరుపడిన యుగమే ఇటువంటి నాయకుని కూడ ఇవ్వగలిగినది.

1987లో ఓల్గా రచించిన 'స్వేచ్ఛ' ఈ పరంపరలో మలుపు. అరుణ ప్రేమించి పెళ్లి చేసుకున్నది. భర్త ప్రకాశం దుర్మార్గుడు కాడు, కొట్టడు, తిట్టడు. అయినను ఆమె ఉద్యోగానికీ, ఆలోచనకూ, బయటి పనికీ హద్దులు గీస్తూ పోతాడు. ప్రణయ నవల ఆగిపోయే పెళ్లిపీటల దగ్గర ఈ నవల మొదలై, 'ఆ తరువాత?' అని అడుగుతుంది. ఇటీవల 2025లో వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' చిత్రం కూడ ఆ ప్రశ్ననే కళాశాల ఆవరణలో వేసినది. ప్రియుని పట్టు క్రమంగా ఎలా బిగుస్తుందో అందులో నాయిక వైపు నుండి చూస్తాము. కథ చూపును అతని నుండి ఆమె వైపు త్రిప్పిన మాత్రాన అదే నాయకుడు ఎంత వేరుగా కనబడతాడో గమనించండి.

గ్రంథాలయం మాట

ఇక పెద్దలు తరచు వేసే ప్రశ్న: ఇటువంటి నవలలను కళాశాల గ్రంథాలయం నుండి తీసివేయరాదా? వద్దని మా మనవి. నిషేధించిన పుస్తకం దిండు కింద చేరుతుంది. అక్కడ దానిని గురించి ప్రశ్నించేవారు ఉండరు. చెప్పుచేతలలో ఉంచడం ప్రేమ కాదని చెప్పడానికి పుస్తకాలను చెప్పుచేతలలో ఉంచడం తగిన మార్గం కూడ కాదు. దానికి బదులు 'సెక్రటరీ' పక్కనే 'స్వేచ్ఛ' ఉండనీయండి. ఉర్దూ ధారావాహికల పక్కన నలుని కథ ఉండనీయండి. తెలుగు, ఉర్దూ శాఖలు రెండూ కలిసి ఏటా ఒక నవలపై చర్చాగోష్ఠి నడిపితే ఎంత బాగుండును! రెండు భాషల పాఠకులు ఒకే నాయకుని రెండు పేర్లతో చదువుతున్నామని అప్పుడు గ్రహిస్తారు.

చదివే విద్యార్థులు ప్రతి నాయకునికీ నాలుగు ప్రశ్నలు వేసి చూడవలెను. ఆమె వద్దన్నప్పుడు అతడు ఆగినాడా? అతని రాక వలన ఆమె లోకం పెరిగినదా, తరిగినదా? అతని కారు, అందం, చివరి ప్రకరణం తీసివేస్తే మిగిలిన నడత మన చెల్లెలికి కోరదగినదా? తప్పు చేసినప్పుడు అతడు కన్నీరు కార్చి ఊరుకున్నాడా, పద్ధతి మార్చుకున్నాడా? ఈ ప్రశ్నలకు నిలబడిన నాయకుని నిస్సంకోచంగా ప్రేమించండి. నిలబడనివానిని కథగా చదివి ఆనందించండి; జీవితంలోకి మాత్రం తెచ్చుకోకండి.

ఈ ప్రశ్నలు అబ్బాయిలకు మరింత అవసరం. నవలలు ఆడపిల్లలు చదివేవని తోసివేసిన వారే ఆ నాయకుని వేషాన్ని సినిమాల నుండి అరువు తెచ్చుకుంటున్నారు. కోపం చూపనిదే మగతనం లేదనే భ్రమ వారిపై మోపిన బరువు. దౌత్యం నడిపి, ఆమె ఎంపికకై నిరీక్షించిన నలుడు చేతగానివాడు కాడు. అతడు నిషధ దేశాధిపతి. రాజ్యమేలినవాడు దమయంతిని ఏలబోలేదు, ఆమెచేత వరింపబడినాడు. మన భాషలోని 'ఏలుకొనుట'ను నిఘంటువులలో ఉండనిచ్చి, ఆ 'వరించుట'ను మన జీవితాలలోకి తెచ్చుకొనగలిగితే, చదివిన ప్రణయ గాథలకు సార్థకత చేకూరగలదు.